ఉప్పు కొండ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

విజయనగరం

తమ్ముడూ,

ఇరాన్‌లో భూమి లోపలి ఉప్పు పైకి తోసుకొచ్చి కొండైన జాషక్ ఉప్పు గుమ్మటం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఎండిన నేల మధ్య తెల్లగా, ఎర్రగా లేచిన ఆ కొండ నీ మనసుకు పట్టిందని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఆ ఇష్టమే ముందు కావాలి. కానీ కొండ ఎలా ఉంటుందో చెప్పి ఊరుకున్నావు, ఎందుకలా ఉంటుందో ఎక్కడా చెప్పలేదు. ఉప్పు గుమ్మటం మీద కనిపించే ప్రతి ఆకారమూ ఉప్పు కదలడం వల్లో, ఉప్పు నీటిలో కరగడం వల్లో వచ్చినదే. ఈ రెండూ పాఠకుడికి అందితే ‘అద్భుతం’ అన్న మాట నువ్వు రాయనక్కర్లేదు, వాడే అనుకుంటాడు.

మళ్లీ రాయడానికి కూర్చునే ముందు ఒక పని చెయ్యి. నువ్వుండేది టెక్కలిలో. నౌపడ ఉప్పు మళ్లు పక్కనే ఉన్నాయి. ఎండలు ముదిరాక ఒక పూట వెళ్లి గట్టు మీద నిలబడి చూడు. సముద్రపు నీరు మొదటి మడిలోకి వచ్చేసరికి, ఉప్పునీటి చిక్కదనం చెప్పే బోమె కొలతలో 3, 3.5 డిగ్రీలు ఉంటుంది. మడి నుంచి మడికి మారుతూ చిక్కబడి, 13 దాటాక జిప్సం అనే మెత్తటి ఖనిజం అడుగున పేరుకోవడం మొదలవుతుంది. 25 దగ్గర ఉప్పు గింజ కడుతుంది. 30కి చేరేలోగా మిగిలిన నీటిని బయటికి వదిలెయ్యాలి. వదలకపోతే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ పీల్చి కారుతుంది. పని చేసేవాళ్లను అడిగితే ఏ మడి ఏ దశలో ఉందో చూపిస్తారు. తేలినీలాపురం పక్షులు నిన్ను అటు లాగుతాయి, వాటికి వేరే రోజు పెట్టుకో.

ఇదంతా ఎందుకంటే, మన పాఠకుడికి ఉప్పు అంటే సముద్రం. అక్కడి నుంచి కొండకు నడిపించే దారి ఈ మళ్లే. నౌపడలో ఒక్క వేసవిలో జరిగే పని, పర్షియన్ గల్ఫ్ ప్రాంతంలో 50 కోట్ల ఏళ్లకు పూర్వం సగం మూసుకుపోయిన సముద్రపు పాయల్లో జరిగింది. లెక్క కూడా ఇవ్వు: మీటరు లోతు సముద్రపు నీరు మొత్తం ఎండితే మిగిలేది సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ఉప్పు. వంద మీటర్ల పొర కావాలంటే ఆరు కిలోమీటర్లకు పైగా లోతున్న నీరు ఎండాలి. అంత నీరు ఒకేసారి ఉండదు. ఇరుకు మూతి గుండా సముద్రం వస్తూ, ఎండుతూ, మళ్లీ వస్తూ ఉంటేనే అంత ఉప్పు పోగవుతుంది. హొర్ముజ్ ఉప్పు అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచేది అలా పోగైనదే.

ఇక నీ వ్యాసంలో పెద్ద తప్పు: ‘భూమి లోపలి వేడికి కరిగిన ఉప్పు పైకి చిమ్మింది’ అన్నావు. అది కొట్టెయ్యి. ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఇక్కడ అంత వేడి లేదు, అగ్నిపర్వతంతో పోలికే లేదు. ఉప్పు గట్టి రాయిగా ఉండగానే పారుతుంది. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.16 గ్రాములు, ఎంత లోతుకు పోయినా పెద్దగా మారదు. పైన పడిన మట్టి, ఇసుక మాత్రం లోతు పెరిగేకొద్దీ అణిగి బరువెక్కి ఉప్పును మించిపోతాయి. బరువైనది పైన, తేలికైనది కింద అయ్యాయి. ఆ బరువు అన్నిచోట్లా సమానంగా లేకపోవడంతో, పలచని చోటు చూసుకుని ఉప్పు పైకి దూరుతుంది. జాగ్రోస్ పర్వతాల దగ్గర మరో ఒత్తిడి కూడా తోడైంది: అరేబియా ఫలకం యురేషియాను నెట్టడంతో పొరలు ముడతలు పడి, పగిలి, ఉప్పుకు దారి ఇచ్చాయి. అందుకే అక్కడ వంద దాటి ఉప్పు గుమ్మటాలున్నాయి.

పైకొచ్చాక ఉప్పు ఆగదు. ఎండలో పెట్టిన బెల్లం దిమ్మ అణిగి పక్కలకు జారినట్టు, తన బరువుకు తానే కుంగి వాలు వెంట దిగుతుంది. దీన్ని ఉప్పు హిమానీనదం అంటారు. జాషక్ దగ్గర గుర్తులు పాతి కొలిచిన ఫలితాలు 1980లో అచ్చయ్యాయి: పొడి రోజుల్లో పగటి వేడికి ఉబ్బి, రాత్రి చలికి ముడుచుకోవడమే తప్ప పెద్ద కదలిక లేదు. వాన తడిసిన కొద్ది రోజుల్లో మాత్రం రోజుకు అర మీటరు దాకా పారింది. గింజల మధ్య సన్నటి తడి పొర చేరితే, ఒత్తిడి ఉన్న వైపు ఉప్పు కరిగి లేని వైపు మళ్లీ గడ్డకడుతుంది. గింజ గింజా అలా చోటు మారితే కొండే కదులుతుంది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, దీనికి ఒక పేజీ ఇచ్చినా ఎక్కువ కాదు.

కరగడం గురించి రాసేటప్పుడు బొర్రా గుహల్ని పోలికగా తీసుకో, మనవాళ్లంతా చూసినవే. అక్కడి సున్నపురాయి కరగడానికి నీటిలో బొగ్గుపులుసు వాయువు కలిసి ఆమ్లంగా మారాలి, అప్పుడైనా పని చాలా నెమ్మది. ఉప్పుకు వట్టి వాన నీరు చాలు. 100 మిల్లీలీటర్ల నీరు సుమారు 36 గ్రాములు కరిగించుకుంటుంది. అందుకే ఒక్క వానకే వాలు మీద కత్తి అంచుల్లాంటి గాడులు పడతాయి, లోపల గుహలు తొలుచుకుంటాయి, కింద ఉప్పు ఊటలు పుట్టి తెల్లటి గట్లు కడతాయి. ఎడారి కాబట్టే కొండ మిగిలింది. వానలెక్కువైన దేశాల్లో ఉప్పు నేల పైకి రాకముందే కరిగిపోయి, అంత సులువుగా కరగని జిప్సం, బంకమట్టి టోపీలా మిగులుతాయి.

రంగుల పేరా బాగుంది, కారణాలు చేర్చు. ఎరుపు ఇనుప ఆక్సైడుది. ఆకుపచ్చ, బూడిద రంగులు ఉప్పు పైకి వస్తూ తనతో లాక్కొచ్చిన బంకమట్టి, అగ్నిశిలల ముక్కలవి. హొర్ముజ్ దీవి మొత్తం సముద్రంలోంచి లేచిన ఉప్పు గుమ్మటమే, దాని ఎర్ర తీరం ఈ ఇనుముదే. తెల్లగా ఉన్నదల్లా ఉప్పని రాయకు. గోటితో గీస్తే గీత పడేది జిప్సం. గోటికి లొంగక, పగిలితే చదరపు ముక్కలయ్యేది ఉప్పు.

రాజస్థాన్ సాంభర్ సరస్సునూ, కచ్ రణ్‌నూ ఇదే కోవలో కలిపేశావు. అవి బల్లపరుపు ఉప్పు నేలలు, పైనుంచి నీరు ఎండి ఏర్పడినవి. గుమ్మటం కిందినుంచి తోసుకొచ్చినది. ఆ వాక్యం తీసెయ్యి. కేష్మ్ దీవిలోని నమక్‌దాన్ గుహను ప్రపంచంలో అతి పొడవైన ఉప్పు గుహ అన్నావు. అది ఆరు కిలోమీటర్లకు పైగా ఉంటుంది, చాలాకాలం ఆ పేరు దానిదే. 2019లో ఇజ్రాయెల్ సొదొం కొండలోని మల్హాం గుహ పది కిలోమీటర్లని తేలింది. పర్యాటక కరపత్రాల్లో పాత మాటే ఇంకా తిరుగుతోంది, ‘అతి’ అన్న చోటల్లా ఆగి సరిచూసుకో.

వెళ్లాలనుకునేవాడి కోసం రాసే భాగం నీ వ్యాసంలో అన్నిటికన్నా పలచగా ఉంది. దాన్ని వెడల్పు చెయ్యి, ఎందుకంటే మనిషి ప్రాణం దానితో ముడిపడి ఉంటుంది. జాషక్ ఉన్న బుషెహర్ వైపు వేసవిలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది, కాబట్టి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలే సరైనవి. అయితే వానలూ ఆ నెలల్లోనే. వాన పడిన రోజూ మర్నాడూ గుహల్లోకి, లోయల్లోకి పోకూడదని గట్టిగా రాయి, కప్పు రాలుతుంది, వరద వస్తుంది. పైన గట్టిగా కనిపించే పొర కింద బోలు ఉండొచ్చు, అందుకని దారి తెలిసిన స్థానికుడి అడుగులోనే అడుగు వెయ్యాలి. మందపాటి అడుగున్న బూట్లు, చేతి తొడుగులు, నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. ఉప్పు అంచు చర్మాన్ని కోస్తుంది, తెల్లదనం కళ్లను మాడుస్తుంది. మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి, దారిలో కనిపించే సెలయేరు ఉప్పునీరే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, చిన్న పిల్లలకు పాదం దగ్గరి ఊటలు, గట్లు చాలని చెప్పు. అవి కూడా తక్కువ అందమైనవి కావు.

ఫొటోలకు ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత మంచిది. కెమెరా తెల్లదనాన్ని చూసి చిత్రాన్ని నల్లబరుస్తుంది, అందుకని వెలుతురు ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచుకోమను. స్ఫటికాల్ని వెలుతురుకు ఎదురుగా తీస్తే లోపలి పొరలు కనిపిస్తాయి. తిరిగొచ్చాక మంచినీటితో కొద్దిగా తడిపిన గుడ్డతో కెమెరా తుడిచి ఆరబెట్టకపోతే లోహం తుప్పు పడుతుంది.

ఒక విన్నపం మాత్రం పాఠకుడికి సూటిగా చెయ్యి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు చెమ్మ పీలుస్తుంది. తడి చెయ్యి తగిలినా, ఇరుకు గుహలో పది మంది ఊపిరి తగిలినా సన్నటి ఉప్పు ఊచలు మొద్దుబారతాయి. గుర్తుగా ఒక ముక్క విరుచుకొస్తే, మన తీరం గాలికి శ్రావణంలోపే అది నీరు కారి, ఆకారం పోగొట్టుకుంటుంది. అక్కడా పోయింది, ఇక్కడా దక్కలేదు.

చమురు గురించిన చివరి పేరా ఈ వ్యాసానికి బరువు, దాన్ని ఇంకో వ్యాసానికి దాచు. నౌపడ వెళ్లొచ్చాక మళ్లల్లో చూసినదాంతో మొదటి పేజీ మాత్రం రాసి పంపు. అది కుదిరాక మిగతాది చూద్దాం.

ఆశీస్సులతో,
నీ అన్న