కల్లు – కళ్లు: చెవి ముందా, నాలుక ముందా?

సందేహం: మా అమ్మాయికి ఆరేళ్లు. అమెరికాలోనే పుట్టింది. 'కళ్లు'ను 'కల్లు' అంటుంది, 'పెళ్లి'ని 'పెల్లి' అంటుంది. 'అలా కాదు, కళ్లు అను' అంటే, 'నేను అన్నది అదే కదా!' అని నా మీదే విసుక్కుంటుంది. తేడా వినబడటం లేదా? వినబడినా పలకలేకపోతోందా? పదేపదే పలికించమంటారా, వినిపించమంటారా?

సమాధానం: ముందు ఆ 'అను, అను' నాలుగు రోజులు ఆపండి. ఒక కాగితం మీద ఒక ఇల్లు, ఇంకో కాగితం మీద మూడు ఇళ్లు గీసి ఆమె ముందు పెట్టండి. మీ నోరు కనబడకుండా వెనక నిలబడి, వరస మార్చి మార్చి ఓ ఇరవై సార్లు 'ఇల్లు' అనో 'ఇళ్లు' అనో అంటూ, వేలితో చూపించమనండి. ఒకటా, చాలానా అన్నది ఇక్కడ కేవలం నాలుక మడతలో ఉంది; సందర్భం చూసి ఊహించే వీల్లేదు. పది సరిపోయాయని సంతోషించకండి, గుడ్డిగా చూపించినా పది వస్తాయి.

దాదాపు అన్నీ సరిగ్గా చూపిస్తే చెవి బాగానే ఉంది, నాలుకే వెనకబడింది. 1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ ఇలాంటి పిల్లవాడి ముచ్చటే రాశారు. తన ప్లాస్టిక్ చేపను వాడు 'ఫిస్' అనేవాడు. పెద్దలు కూడా 'ఇది నీ ఫిస్సా?' అంటే ఒప్పుకోలేదు. 'ఫిష్' అన్నాకే 'అవును, నా ఫిస్' అన్నాడు! మీ అమ్మాయి విసుగు కూడా అలాంటిదే అయితే, అందులో న్యాయం ఉంది.

చూపించలేకపోతే సంగతి వేరు. ఇంగ్లీషులో ళకారం లేదు. ఇంగ్లీషు వింటూ పెరిగే పసివాళ్లు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీ త, టలను వేరుగా పోల్చుకుంటారనీ, ఏడాది నిండేసరికి చాలామంది ఆ నేర్పు పోగొట్టుకుంటారనీ 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో చూపించారు. మనం మాత్రం తక్కువ తిన్నామా? పడమరకు ఇంగ్లీషు మాట, బనీనుకు ఇంగ్లీషు మాట రెండింటినీ 'వెస్ట్' అనే రాస్తాం, అలాగే వింటాం, అలాగే అంటాం. నేనూ అంతే.

అలాంటి చెవికి ఒక్క అమ్మ గొంతు చాలదు. జపాన్ వాళ్లకు ఇంగ్లీషు ర, లలను పలువురి గొంతుల్లో కొన్ని వారాలపాటు వినిపిస్తే, పలికించకపోయినా వాళ్ల ఉచ్చారణ మెరుగైందని 1997లో తేలింది. అమ్మమ్మ, తాతయ్య, మేనమామ, అందరిచేతా ఫోనులో ఈ బొమ్మల ఆట ఆడించండి.

అలాగని నాలుకను పూర్తిగా పక్కన పెట్టకండి. 2015లో వెర్కర్ బృందమే ఆరు నెలల పిల్లల నాలుక కొన కదలకుండా నోట్లో ఒక బొమ్మ పెట్టి ద, డ వినిపించింది. నాలుకకు అడ్డురాని బొమ్మ పెట్టినప్పుడు పోల్చుకున్న తేడాను ఇప్పుడు పోల్చుకోలేకపోయారు. ఇంకా మాట రాని పిల్లలు సుమా!

ళకారం పలికించడానికి మన బహువచనాలే మంచి దారి. గుడి గుళ్లవుతుంది, బడి బళ్లవుతుంది. డకారం దగ్గర మడిచిన నాలుకతోనే లకారం పలికితే ళ వస్తుంది. అయితే ఇంగ్లీషు డ పళ్ల వెనక చిగురు దగ్గరే ఆగుతుంది. మన డకారానికి నాలుక కొన ఇంకా వెనక్కి మడవాలి. అద్దం ముందు కూర్చోబెట్టి 'గుడి' అనిపించండి. డ దగ్గర నాలుకను అలాగే ఆపి, గాలిని పక్కల నుంచి వదులుతూ 'లు' అనమనండి. మీ ఇంట్లో 'పళ్లు' బదులు 'పండ్లు' అనే అలవాటుంటే ఆ మాటతోనే మొదలుపెట్టండి, ఇంకా సులువు.