నల్లతుమ్మ దుంగలు: కట్టెల లెక్కన అమ్మాలా, కోయించుకోవాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివార్లలో, చేవెళ్ల వైపు. పొలం గట్టున పాత నల్లతుమ్మ చెట్లు ఆరు ఉన్నాయి. కట్టెల వ్యాపారి టన్నుల లెక్కన అడుగుతున్నాడు. కొత్త ఇంటికి దర్వాజాలు, మంచాలు చేయించుకుందామంటే తుమ్మ పుచ్చిపోతుందని వడ్రంగి అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ వడ్రంగి మాట సగం నిజం. పుచ్చేది చుట్టూ ఉండే తెల్లచెక్క. అందులో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి పురుగు చేరి పొడి రాలుస్తుంది. లోపలి ఎర్రటి చేవ వేరు. టేకు కంటే బరువు, గట్టిదనం ఎక్కువ, దెబ్బకు ఓర్చుకుంటుంది. నాగళ్లకు, బండి చక్రాలకు, గానుగలకు, గొడ్డలి కామలకు మన పెద్దలు తుమ్మను ఎంచుకున్నది అందుకే. చేవ తక్కువగా ఉన్న సన్నటి మానులను, కొమ్మలను కట్టెల వ్యాపారికే ఇవ్వండి. పొయ్యికి అంత మంచి కట్టె మరొకటి అరుదు. లావు మొదళ్లను మాత్రం ఆ ధరకు వదులుకోవద్దు.

చలికాలంలో కొట్టించి, దుంగలు ఆరకముందే సా మిల్లుకు పంపండి. ఎండిన తుమ్మ రంపం పళ్లను అరగదీస్తుంది, కోత కూలీ పెరుగుతుంది. కోసేముందు దుంగలను ఐదారు వారాలు నీళ్లలో పూర్తిగా మునిగేలా నానబెడితే పురుగు బెడద బాగా తగ్గుతుంది. పశువులు తాగే కుంటలో మాత్రం వద్దు. బెరడులోని టానిన్ అనే వగరు పదార్థం దిగి నీరు నల్లబడుతుంది. కోసిన చెక్కలను నీడలో, మధ్య మధ్య సన్నని పట్టీలు పెట్టి, గాలి ఆడేలా పేర్చండి. చివర్లకు పాత పెయింటు పూయండి, లేకపోతే అక్కడినుంచే బీటలు వస్తాయి. చెక్క ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. మన ఎండలకు అంత పట్టకపోవచ్చు. అలాగని గృహప్రవేశం ముహూర్తం చూసుకుని చెక్కను తొందరపెట్టకండి.

దర్వాజా చట్రాలకు, మంచం కోళ్లకు తుమ్మ భేషుగ్గా పనికొస్తుంది. తలుపు రెక్కలకు నేను సలహా ఇవ్వను. బరువుకు బందులు సాగుతాయి, వాటికి టేకే మేలు. మేకు కొట్టేముందు రంధ్రం వేయించండి, లేదంటే చెక్క చీలుతుంది. తడి తగిలేచోట ఇనుప మేకు చుట్టూ నల్లటి మరక పడుతుంది. టానిన్‌తో ఇనుము కలిస్తే అంతే. అక్కడ ఇత్తడి మరలు వాడండి. తప్పనిసరిగా కొంత తెల్లచెక్క మిగిలితే, ఇంటి లోపలి పనులకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెట్టి వాడుకోవచ్చు.

కొట్టించే ముందు అటవీ రేంజి కార్యాలయానికి వెళ్లి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో, రవాణాకు ఏ కాగితాలు ఉండాలో కనుక్కోండి. ఆరింటినీ ఒకేసారి కొట్టించాల్సిన పనీ లేదు. మేకలుంటే వాటికి కాయలు వేసవి మేత. రెండు చెట్లు గట్టున ఉంచండి.

– వ్యవసాయ అటవీ శాస్త్రవేత్త, హైదరాబాద్