ప్రశ్నలు – జవాబులు: డచ్చి నాలుకకు ఇంగ్లీషు పదసంపద

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటున్నది. పద్నాలుగేళ్ల మనుమరాలు అక్కడే పుట్టి, డచ్చి బడిలో చదువుకుంటున్నది. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది గాని ‘వెరీ నైస్’, ‘గుడ్’, ‘థింగ్’ అనే మాటలు దాటి ముందుకు పోదు. నేను హైస్కూలులో ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకున్నదానిని. వేసవి సెలవులకు ఆరు వారాలు మా దగ్గరకు వస్తున్నది కనుక, రోజుకు ఇరవై పదాలు బట్టీ పట్టిద్దామని ఉంది. ఇది సరైన పద్ధతేనా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఇరవై పదాల బట్టీ వద్దమ్మా. ఆరు వారాలకు 840 పదాలని కాగితం మీద లెక్క బాగానే తేలుతుంది గాని, తిరుగు విమానం ఎక్కేనాటికి వాటిలో ఎన్ని నాలుక మీద నిలుస్తాయో ఇన్నేళ్లు పాఠం చెప్పిన మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. అసలు ఆ అమ్మాయి చిక్కంతా డచ్చి, ఇంగ్లీషు మరీ దగ్గరి చుట్టాలు కావడంలో ఉంది.

రెండూ పశ్చిమ జర్మానిక్ శాఖకు చెందిన భాషలే. హ్యాండ్, వార్మ్, వాటర్ అనే మాటలను రెండింటిలోనూ అవే అక్షరాలతో రాస్తారు. మన పిల్లలు చెమటోడ్చి సంపాదించుకొనే తొలి సామాను డచ్చి పిల్లలకు పుట్టింటి నుంచే వస్తుంది. పైగా అక్కడ 1986 నుంచి ప్రాథమిక పాఠశాల చివరి తరగతుల్లో ఇంగ్లీషు తప్పనిసరి. పెద్దలు చూసే ఇంగ్లీషు కార్యక్రమాలను టీవీలో డబ్బింగు చేయకుండా, కింద డచ్చి అక్షరాలు వేసి చూపిస్తారు కనుక చెవి కూడా తొందరగా పదునెక్కుతుంది. అందువల్ల కొద్దిపాటి మాటలతోనే రోజు గడిచిపోతుంది, కొత్త మాట అవసరమే తోచదు.

అయితే ఇంగ్లీషుకు ఒక మేడ ఉంది. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత కొలువుల్లోకి, న్యాయస్థానాల్లోకి ఫ్రెంచి, ఆ వెనుక చదువుల ద్వారా మరింత లాటిను వచ్చి చేరడంతో, ఆస్క్ పక్కన ఇన్‌క్వైర్, బిగిన్ పక్కన కమెన్స్ నిలిచాయి. తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు: దాహం వేసినప్పుడు జలం ఇమ్మని ఎవరూ అడగరు, జలవనరుల శాఖను నీళ్ల శాఖ అని ఎవరూ రాయరు. డచ్చి మాత్రం చాలాచోట్ల ఇంటి మాటలనే జోడించుకొని సరిపెట్టుకుంటుంది. దానిలో ఆసుపత్రి ‘రోగుల ఇల్లు’, బంగాళాదుంప ‘నేల ఆపిల్’. వొకాబులరీకి వారి మాట ‘వోర్డెన్‌స్ఖట్’, అంటే పదాల నిధి. మన పదసంపదకు తోబుట్టువు. కనుక మీ మనుమరాలికి విడి పదాల జాబితా ఇవ్వకండి. ఆమెకు వచ్చిన చిన్న మాట పక్కనే పెద్ద మాటను కూర్చోబెట్టి, ఏది వంటింట్లో, ఏది అర్జీలో అనే తేడాతో సహా జంటగా నేర్పండి.

ఇంతకంటే జాగ్రత్త పడవలసినవి మోసగించే పోలికలు. ‘ఈవెన్చువల్లీ ఐ విల్ కమ్ టు ది టెంపుల్’ అని ఆమె అంటే, ఎప్పటికైనా వస్తుంది కదా అని మీరు గుమ్మంలో చెప్పులు వేసుకొని నిలబడతారు. డచ్చిలో ‘ఎవెంటువేల్’ అంటే వీలైతే, బహుశా అని మాత్రమే. ఆమె వస్తానని మాట ఇవ్వనే లేదు. అరుగు కింద ముడుచుకొని పడుకున్న కుక్కను ‘బ్రేవ్’ అంటే దాని ధైర్యాన్ని మెచ్చుకున్నట్లు కాదు; ‘బ్రాఫ్’ అంటే చెప్పిన మాట వినేది. ‘వాట్ ఈజ్ యువర్ మీనింగ్’ అని అడిగితే కోపగించుకోకండి, ‘మేనింగ్’ అంటే అభిప్రాయం. ‘స్లిమ్’ అంటే తెలివైన, ‘రార్’ అంటే వింతైన. ఇలాంటివి దొరికినప్పుడల్లా నోటుపుస్తకంలో ఎడమ పేజీలో డచ్చి మాట, కుడి పేజీలో అసలైన ఇంగ్లీషు మాట, కింద ఆమె సొంత వాక్యం రాయించండి. ఈ ఒక్క పుస్తకం నిండితే చాలునని నా అభిప్రాయం.

వాడుకకు మీ ఊరే చాలు. సిరిమానోత్సవం వీడియో ఒకటి పెట్టి, ఎన్నడూ చూడని తన డచ్చి స్నేహితురాలికి ఇంగ్లీషులో వర్ణించి చెప్పమనండి. ‘వెరీ’, ‘నైస్’, ‘థింగ్’ వాడకూడదని షరతు పెట్టండి. చింతమాను పైకి లేచి, చివరన పూజారి కూర్చొని, జనం మధ్య ఊరేగింపు సాగుతుంటే హాయిస్ట్, స్వే, ప్రొసెషన్, థ్రాంగ్ అనే మాటలు అవసరపడి వస్తాయి. హాయిస్ట్‌కు డచ్చిలో ‘హైసెన్’ అనే చుట్టం కూడా ఉంది. అవసరపడి వచ్చిన మాట త్వరగా పోదు. రోజుకు ఐదారు చాలు. వాటిని చీటీల మీద రాసి, మరునాడు, మూడో నాడు, వారానికి, పక్షానికి తిరిగి అడగండి. ఒక్కో గడువుకు ఒక్కో పెట్టె పెట్టి, సరిగా చెప్పిన చీటీని తరువాతి పెట్టెలోకి జరపండి, తప్పిన చీటీ మళ్లీ మొదటి పెట్టెలోకి రావాలి. ఈ పెట్టెల పద్ధతిని 1972లో ప్రచారంలోకి తెచ్చినవాడు సెబాస్టియన్ లైట్నర్. మిఠాయి పెట్టెలు నాలుగు ఉంటే మీకు సరిపోతుంది.

ప్రశ్న: నేను వీడియో ద్వారా డచ్చి ఉద్యోగులకు ఇంగ్లీషు చెబుతున్నాను. మొత్తం ఎన్ని పదాలు వస్తే చాలునని వారు అడుగుతున్నారు.
— ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా నవలలు, వార్తాపత్రికలు చదవడానికి 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు (ఒక మూల పదమూ, దాని నుంచి పుట్టిన రూపాలూ కలిపి ఒక కుటుంబం), మాటలు విని గ్రహించడానికి 6,000 నుంచి 7,000 కావాలి. ఉన్నత చదువుల రచనల కోసం ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన జాబితాలో ఉన్నవి 570 కుటుంబాలే. వాటిలో అనలైజ్, కాన్సెప్ట్ వంటి పలు మాటలకు డచ్చిలో పోలిక ఉన్నందున ముందు పరీక్షించి, తెలియనివే చెప్పండి. సినిమాలు చూసేటప్పుడు కింది అక్షరాలను డచ్చి నుంచి ఇంగ్లీషుకు మార్చుకోమనండి.

ప్రశ్న: నా డచ్చి విద్యార్థి ‘కెన్ ఐ లెండ్ యువర్ పెన్’ అంటాడు. ‘మేక్ హోంవర్క్’, ‘మేక్ ఎ ఫోటో’ కూడా. ఎన్నిసార్లు దిద్దినా అంతే.
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: డచ్చిలో ‘లేనెన్’ అనే ఒక్క క్రియే అప్పు ఇవ్వడానికీ, పుచ్చుకోవడానికీ సరిపోతుంది, ‘లేరెన్’ నేర్చుకోవడమూ అవుతుంది, నేర్పడమూ అవుతుంది. మనకు ఈ రెండూ వేరు కనుక మీకు తప్పు వెంటనే వినబడుతుంది, అతనికి వినబడదు. నియమం చెప్పకుండా, కలం అతని చేతిలో నుంచి పోయినప్పుడు లెండ్, చేతిలోకి వచ్చినప్పుడు బారో అని పదిసార్లు నిజంగానే కలం చేతులు మార్చి అనిపించండి. రెండో తప్పుకు కారణం డచ్చిలో హోంవర్కునూ, ఫోటోనూ ‘మాకెన్’తోనే చెప్పడం. ఇక్కడ తెలుగు మీకు అక్కరకు వస్తుంది: మనం ఫోటో ‘తీస్తాము’, హోంవర్కు ‘చేస్తాము’, ఇంగ్లీషువారు కూడా టేక్, డూ అనే అంటారు. క్రియను విడిగా ఎన్నడూ రాయించకండి. ‘టేక్ ఎ ఫోటో’ అని మొత్తం ముక్కగానే చీటీ మీద ఎక్కించండి.