కొత్తగా దిగిన ఇంటి పెరట్లో పేరు తెలియని మొక్కలు: ఏది ఉంచాలి, ఏది పీకాలి?

పాత ఇల్లు కొన్నామని, వానలు పడగానే పెరడంతా ఏవేవో మొక్కలు లేచాయని, ఫోన్లో యాప్ ఒకే మొక్కకి మూడు పేర్లు చెబుతోందని రాశారు. నాలుగేళ్ల బాబు ఉన్నాడు కాబట్టి జేసీబీ పెట్టి చదును చేయించేద్దామా అని అడిగారు. గోడ మీదకి పాకిన తీగ తిప్పతీగేనా అన్నది మీ రెండో ప్రశ్న.

జేసీబీ మాత్రం వద్దండీ. మేం తెనాలి దగ్గర ఇలాంటి ఇంట్లోనే దిగాం. ముందున్న వాళ్లు ముప్పై ఏళ్లు కాపురం చేసిన పెరడు అది. అలాంటి చోట సగం మొక్కలు కలుపు, మిగతా సగం ఎవరో ముచ్చటపడి పెట్టుకున్నవి. రెండూ కలిసిపోయి ఉంటాయి. వేసవిలో పైకేమీ కనిపించదు గానీ మట్టిలో దుంపలు నిద్రపోతూ ఉంటాయి. పసుపు, చేమ, కంద, వాన లిల్లీ, మే నెలలో ఎర్రటి బంతిలా పూసే లిల్లీ, అన్నీ ఆ బాపతే. ఒక్కసారి మట్టి ఎత్తించేస్తే అవి తిరిగి రావు.

కంద సంగతి చెప్పాలి. తొలకరి పడ్డాక ఒక సాయంత్రం పెరట్లోంచి భరించలేని కంపు. ఎలుక చచ్చిందనుకుని కట్టెల కుప్ప కదిపాం, తూము పొడిచాం, ఏమీ దొరకలేదు. మా వీధిలో కలుపుకి వెళ్లే ఆవిడ ఒకామె గుమ్మంలోంచే ముక్కు మూసుకుని నవ్వింది. "ఎలుకా లేదు పాడూ లేదమ్మా, కంద పూసింది చూడు" అని గోడవార చూపించింది. ఆకు లేదు, కాడ లేదు. నేలలోంచి నేరుగా ఊదారంగు పువ్వు, మధ్యలో ముడతలు పడ్డ బుర్ర, దాని చుట్టూ ఈగలు. ఆ కంపుకి వచ్చే పురుగులే దానికి పరాగసంపర్కం చేస్తాయట. ఒకటి రెండు రోజుల్లో వాసన పోయింది. తర్వాత అక్కడే మచ్చల మచ్చల కాడ ఒక్కటే లేచి పైన గొడుగు విప్పింది. యాప్‌కి ఆ పువ్వు ఫొటో పెట్టుంటే ఏం చెప్పేదో గానీ, ఆవిడ మాత్రం చూడకుండానే చెప్పింది.

అందుకే నా మొదటి సలహా: నర్సరీ వాళ్లకంటే ముందు కలుపు తీసే ఆడవాళ్లని అడగండి. నర్సరీలో పనిచేసేవాళ్లు క్రోటన్లు, గులాబీలు ఇట్టే చెబుతారు. కలుపు మొక్క చూపిస్తే "పిచ్చి మొక్కండీ" అని తేల్చేస్తారు. ఆ పిచ్చి మొక్కల్లో మనం పప్పులో వేసుకునేవి కూడా ఉంటాయి.

పేరు వెతికే ముందు మొక్క ఎక్కడ లేచిందో చూడండి. వరసగా, సమాన దూరంలో ఉంటే ఎవరో నాటినవి. స్నానాల గది నీళ్లు పోయే చోట ఉన్నవి చాలావరకు అరటి, చేమ, మెట్టతామర. కరెంటు తీగల కింద, చెట్ల కింద ఉన్నవి పిట్టలు వేసిన గింజలు. వేప, కరివేపాకు, రావి, జువ్వి అలా వస్తాయి. గోడ పగుల్లో రావి మొక్క కనిపిస్తే మాత్రం సెంటిమెంటు పెట్టుకోకుండా చిన్నప్పుడే వేరుతో సహా తీసేయండి. పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరు లావెక్కి గోడని చీలుస్తుంది.

ఇక ఆగకుండా తీయాల్సింది వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. 1950ల్లో మన దేశంలో కనిపించిన దగ్గర్నుంచి ఇది లేని ఊరు లేదు. లేతగా ఉన్నప్పుడు ఆకులు చీలికలు చీలికలుగా నేలకి పరుచుకుని ఉంటాయి, చూసి మాచిపత్రి అనుకునేవాళ్లున్నారు. తర్వాత నిటారుగా లేచి చిన్న చిన్న తెల్ల పూలు పూస్తుంది. చర్మానికి దురద, కొందరికి ఆయాసం కూడా వస్తాయి. పూతకి రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి గ్లౌజులు వేసుకుని వేరుతో లాగండి. పూశాక ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది.

పిల్లాడున్నాడు కాబట్టి విషం సంగతి తేల్చుకోవాలి. పచ్చగన్నేరు గింజ నేరుగా గుండె మీద పనిచేస్తుంది. ఉమ్మెత్తలో ముళ్లకాయే కాదు, ఆకు, పువ్వు అన్నీ విషమే. ఆముదం గింజ, ఎర్రటి గురివింద గింజ చూడ్డానికి బాగుంటాయి కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. వీటిలో ఏదున్నా బాబు ఆడుకునే వైపు ఉంచకండి. పూజకి కావాలంటే జిల్లేడు, ఉమ్మెత్త వీధి చివర ఎలాగూ దొరుకుతాయి. పిల్లాడు ఏదైనా నమిలాడని అనుమానం వస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా, ఆ కొమ్మ కూడా పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి.

పూజ అంటే గుర్తొచ్చింది. వినాయక చవితి పత్రి పేర్లు మీ అత్తగారికో అమ్మగారికో తెలిసే ఉంటాయి. ఆ ఇరవై ఒకటిలో ఉత్తరేణి, వాకుడు, గరిక, ఉమ్మెత్త, జిల్లేడు, రేగు మన పెరళ్లలో పిలవకుండా వచ్చేవే. ఉత్తరేణిని పట్టుకోవడం చాలా తేలిక: పొడుగాటి కంకికి గింజలు తలకిందులుగా వేలాడుతుంటాయి, పక్కనుంచి వెళ్తే చీర కుచ్చిళ్లకి అంటుకుని ఇంట్లోకి వచ్చేస్తాయి.

తినే ఆకుకూరల దగ్గర తొందరపడొద్దు. గంగపాయలకి పసుపు పూలు, నున్నటి మందపాటి ఆకులు, కాస్త ఎర్రటి కాడ. దాని పక్కనే నేల మీద పాకే తెల్ల గలిజేరు దూరం నుంచి అచ్చం అలాగే ఉంటుంది గానీ పూలు లేత గులాబీ రంగువో తెల్లవో. నానుబాలు కూడా ఆ గుంపులోనే కలిసి లేస్తుంది. కాడ తుంచి చూడండి, పాలు కారితే అది గంగపాయల కాదు. తోటకూర అనిపిస్తే ఆకు కాడ మొదట్లో వేలు పెట్టి చూడండి, ముల్లు గుచ్చుకుంటే ముళ్ల తోటకూర.

యాప్ ఒకే మొక్కకి మూడు పేర్లు చెప్పడానికి కారణం చాలాసార్లు మన ఫొటోనే. రెండాకుల మొలకని పోల్చుకోవడం యాప్‌కి కూడా కష్టం. పువ్వు వచ్చేదాకా ఆగి, పువ్వు, కాయ, ఆకు ముందు వెనక, కాడకి ఆకు అతికే చోటు, ఇవన్నీ విడివిడిగా తీయండి. నేను గూగుల్ లెన్స్, ప్లాంట్‌నెట్ రెండూ పెట్టి చూస్తాను. రెండూ ఒకే శాస్త్రీయ నామం చెబితేనే లెక్క. ఆ పేరుతో వెతికి, వచ్చిన ఫొటోల్ని పెరట్లో మొక్క పక్కన పెట్టి చూసుకుంటాను. అప్పటికీ తినే విషయంలో యాప్ మాట వినను, ఇంట్లో వండుకునే మనిషి చేతిలో పెట్టి చూపిస్తాను.

మీ తీగ విషయానికి వస్తే, ఆకు హృదయాకారంలో ఉంటే సరిపోదు. తిప్పతీగ ముదురు కాండం మీద పల్చటి పొర కాగితంలా ఊడి వస్తుంది, పైనుంచి సన్నటి ఊడలు దారాల్లా కిందికి దిగుతాయి. కాండం అడ్డంగా కోస్తే బండి చక్రం ఊచల్లాంటి గీతలు కనిపిస్తాయి. కాండం నిండా బుడిపెలు ఉంటే మాత్రం అది దాని దాయాది కావచ్చు, దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. కరోనా రోజుల్లో అందరూ తాగారు కదా అని డాక్టర్ని అడగకుండా కషాయం మాత్రం పెట్టకండి. ముదురు కాండం దగ్గర్నుంచి ఒకటి, కోసిన ముక్క ఒకటి ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.