ఎయిర్‌పోర్టు డ్రాపు: తారీఖు, డిక్కీ, నిద్ర

ప్రశ్న: ‘20వ తారీఖు రాత్రి రెండున్నరకి ఫ్లైటు’ అన్నారు. 20 రాత్రి ఇంటికి వెళ్తే, ఫ్లైటు తెల్లవారుజామునే వెళ్లిపోయిందని గొడవ. తప్పు నాదా?
– మియాపూర్ పాఠకుడు

జవాబు: సగం మీదే. మనకి తెల్లారితే రోజు మారుతుంది, టికెట్టులో అర్ధరాత్రి 12కే మారిపోతుంది. 20వ తేదీ 02:30 అంటే 19 రాత్రి భోజనాలు కాగానే బయల్దేరాలి. గల్ఫ్, యూరప్ వైపు విమానాలు చాలావరకు ఈ వేళల్లోనే లేస్తాయి కాబట్టి నోటిమాట నమ్మకండి. టికెట్ ఫొటో వాట్సాప్‌లో పెట్టించుకుని, ఫ్లైట్ నంబరు రాసుకుని, ‘అంటే 19 రాత్రి తొమ్మిదీ నలభైకి మీ గేటు ముందు ఉంటాను, సరేనాండీ?’ అని మీరే తిరిగి చెప్పండి.

ఆ తొమ్మిదీ నలభై ఎలా వచ్చిందంటే, వెనక నుంచి లెక్కేయాలి. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు, అంటే 11:30కి టెర్మినల్ దగ్గర దించాలి. మియాపూర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గంటా పది నిమిషాలు వేసుకోండి. సామాను ఎక్కించడానికి పది, పంక్చరైతే స్టెప్నీ మార్చడానికి అరగంట. స్పీడ్ గవర్నర్ 80 దగ్గర పట్టేసే బండికి పక్కవాళ్ల వేగంతో లెక్క కట్టకూడదు. దేశీయ విమానానికైతే రెండు గంటల ముందు చాలు. కానీ బ్యాగేజీ కౌంటర్ చాలా సంస్థల్లో గంట ముందే మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా తీసుకోరు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దేశీయం, విదేశీయం ఒకే టెర్మినల్. అనంతపురం, హిందూపురం నుంచి బెంగళూరు వెళ్లే డ్రైవర్లు మాత్రం టి1 నా, టి2 నా అని అడిగి తీరాలి.

ప్రశ్న: విజయవాడ నుంచి ముగ్గురు శంషాబాద్ మీదుగా అమెరికా వెళ్తున్నారు. నా సీఎన్‌జీ డిజైర్ సరిపోతుందా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: సరిపోదు. అమెరికా టికెట్ మీద సాధారణంగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ముగ్గురికి ఆరు, చేతిసంచులు వేరే. మీ డిక్కీని సిలిండరే తినేసింది. పెట్రోల్ డిజైర్‌లోనూ పెద్దవి రెండు, చిన్నదొకటి పట్టడమే గొప్ప. పైగా మీతో కలిపి నలుగురు, పెట్టెలు అన్నీ లెక్కేస్తే నాలుగు వందల కిలోలు దాటుతుంది. మూడో వరస మడిచిన ఇన్నోవా మాట్లాడండి. ఎర్టిగా అయితే పైన క్యారియర్ తప్పదు. బరువైనవి లోపల పెట్టి, తేలికైనవి క్యారియర్ మీద పడుకోబెట్టి, టార్పాలిన్ కప్పి, తాడు అడ్డంగా నిలువుగా బిగించండి. ఇరవై కిలోమీటర్లు పోయాక ఆపి మళ్లీ బిగించాలి. కుదుపులకి పెట్టెలు సర్దుకుని తాడు వదులవుతుంది.

టైర్ల గాలి బయల్దేరే ముందు, చల్లగా ఉన్నప్పుడే చూడండి. ఫుల్ లోడుకి ఎంత ఉండాలో డ్రైవర్ డోరు పక్క స్టిక్కర్ మీద చూడండి. నడిచి వేడెక్కిన టైరు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేశారా, చల్లారాక తక్కువైపోతుంది. జాకీ, స్పానర్ ముందు సీటు కింద పెట్టుకోండి. డిక్కీ అడుగున ఉంటే పంక్చరైన రాత్రి పెట్టెలన్నీ రోడ్డు మీదే దించాలి.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే నగరంలోకి పోనక్కర్లేదు. సంక్రాంతి అయ్యాక ఊళ్ల నుంచి తిరిగొచ్చే రోజుల్లో విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర బండ్లు బారులు తీరతాయి. అప్పుడు రెండు గంటలు అదనంగా పెట్టుకోండి.

ప్రశ్న: కిరాయి ఎంత చెప్పాలి?
– కొంపల్లి పాఠకుడు

జవాబు: ఖాళీగా వచ్చే దారినీ కలిపి చెప్పండి. వెళ్లేది 45 కిలోమీటర్లయితే మొత్తం 90. బండి లీటరుకి 18 ఇస్తే ఐదు లీటర్లు. దానిపైన రెండువైపులా టోలు, పార్కింగ్, మీ గంటలు. టోలు, పార్కింగ్ అందులో ఉన్నాయో లేదో ఫోన్‌లోనే తేల్చండి. టెర్మినల్ ముందు ఆ చర్చ పెడితే ట్రాఫిక్ సిబ్బంది విజిల్ ఊదుతారు.

ప్రశ్న: కారు లైసెన్సే ఉంది. వైట్ ప్లేట్ బండితో డ్రాపులు వేయొచ్చా?
– వరంగల్ పాఠకుడు

జవాబు: లైసెన్సు చాలు. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది. బండికి మాత్రం ఎల్లో ప్లేటు, పర్మిట్, ఫిట్‌నెస్ ఉండాల్సిందే. సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్సుతో కిరాయికి తిప్పుతూ ప్రమాదం జరిగితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

ప్రశ్న: మూడింటికి డ్రాపు చేసి తిరిగి వస్తుంటే కళ్లు మూతపడుతున్నాయి. టీ తాగినా ఆగడం లేదు.
– ఉప్పల్ పాఠకుడు

జవాబు: రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్ర కోరే వేళ. టీతో కాసేపు వాయిదా పడుతుందంతే. ఔటర్ మీద ఎక్కడబడితే అక్కడ ఆపకండి, వెనక వచ్చే లారీకి ఆగిన బండి ఆలస్యంగా కనబడుతుంది. పెట్రోలు బంకులోనో పార్కింగ్‌లోనో ఆపి ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోండి. ఇంజిన్ కట్టేసి, అద్దాలు రెండువైపులా రెండు వేళ్లంత దించండి. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిద్రపోతే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరొచ్చు, దానికి వాసన ఉండదు. లేచాక ముఖం కడుక్కుని ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి, అప్పుడు తాళం తిప్పండి.