విదేశీ టూర్‌కి క్రెడిట్ లిమిట్టే ధీమా అనుకుంటే ఎలా?

ప్రశ్న: వచ్చే నెల కుటుంబంతో తొమ్మిది రోజుల విదేశీ టూర్‌కి వెళ్తున్నాం. నేను, నా భార్య, పదేళ్ల పాప, డెబ్బై దాటిన మా అమ్మ. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. విమాన టికెట్లు క్రెడిట్ కార్డు మీద కొని 12 వాయిదాలుగా మార్చుకున్నాను. అక్కడి ఖర్చులకు మొత్తం నోట్లే పట్టుకెళ్లమని మా బావమరిది అంటున్నాడు. చేతిలోంచి డబ్బు పోతుంటే ఖర్చు అదుపులో ఉంటుందని అతని వాదన. ఆఫీసులో మిత్రుడేమో కార్డు చాలు, నగదు కావాలంటే అదే క్రెడిట్ కార్డుతో అక్కడి ఏటీఎంలో తీసుకోవచ్చు అంటున్నాడు. బ్యాంకులో మూడు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా డబ్బుంది. దాన్ని టూర్‌కి వాడదామనుకుంటున్నా. ఏదైనా అవసరం పడితే కార్డులో లిమిట్ ఎలాగూ ఉంది. నగదు మంచిదా, కార్డు మంచిదా?

జవాబు: మీ బావమరిదీ, మీ మిత్రుడూ చెరో సగం సరిగ్గానే చెప్పారు. ఆ సంగతికి వస్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది వాళ్ల వాదన కాదు, చివర్లో మీరు మామూలుగా రాసేసిన మాట: ‘ఏదైనా అవసరం పడితే కార్డులో లిమిట్ ఎలాగూ ఉంది.’ సెలవులు దగ్గరపడేకొద్దీ నాకొచ్చే ఉత్తరాల్లో ఈ మాట మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. దాచుకున్నదేమో టూర్‌కి, ఆపదకేమో అప్పు. లెక్క మొత్తం తలకిందులు. దాచుకున్నది ఆపదకు ఉండాలి. టూర్‌కి విడిగా కూడబెట్టుకోవాలి. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు కాబట్టే వివరంగా రాస్తున్నాను.

ముందు మీ లిమిట్ సంగతి చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి అది 100 అనుకోండి. నలుగురి టికెట్లకు అందులో 45 పోయిందనుకుందాం. వాయిదాలుగా మార్చుకోగానే లిమిట్ వెనక్కి వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా రాదు. కట్టిన వాయిదా మేరకు నెలనెలా కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. మీరు బయల్దేరే నాటికి కట్టి ఉండేది ఒకటో రెండో వాయిదాలు. అంటే చేతిలో ఉన్నది సుమారు 60. అక్కడ హోటల్లో దిగగానే రిసెప్షన్‌లో కార్డు అడుగుతారు. గది అద్దె కాకుండా డిపాజిట్ కింద కొంత మొత్తాన్ని బ్లాక్ చేస్తారు. అది ఒక 15. అమ్మగారు నడవలేరని కారు అద్దెకు తీసుకుంటే వాళ్లూ బ్లాక్ చేస్తారు. అదింకో 20. ఇవి ఖర్చులు కావు, బిల్లులోనూ కనిపించకపోవచ్చు. కానీ ఆ మేరకు లిమిట్‌కి తాళం పడినట్టే. గది ఖాళీ చేశాక, కారు అప్పగించాక వాళ్లు వదులుతారు. ఆ వదిలింది మీ బ్యాంకు దాకా వచ్చేసరికి మరికొన్ని రోజులు పడుతుంది. ఇక మిగిలింది 25. భోజనాలు, ప్రవేశ టికెట్లు, పాప అడిగినవీ అన్నీ అందులోనే. ఐదో రోజున అమ్మగారు మెట్ల మీద జారిపడి, ఆసుపత్రి కౌంటర్‌లో మీరు కార్డు ఇస్తే ‘డిక్లైన్డ్’ అని వస్తుంది. ఊరుకాని ఊరు, భాష కాని భాష. అప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారు?

ఇంకో మాట. లిమిట్ మీ డబ్బు కాదు. మీకు అప్పు ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకున్న గరిష్ఠ మొత్తం, అంతే. దాన్ని బ్యాంకు తగ్గించగలదు. పరాయి దేశంలో వరసగా లావాదేవీలు కనిపిస్తే మోసమేమోనని కార్డునే ఆపేయగలదు. అది మీ భద్రత కోసమే, కానీ జరిగేది మాత్రం మీకు డబ్బు అవసరమైన క్షణంలో. మళ్లీ తెరిపించుకోవాలంటే సాధారణంగా ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చేది ఇంటి దగ్గర వాడే నంబరుకి. చాలామంది విమానాశ్రయంలో అక్కడి సిమ్ కొని, పాత సిమ్ తీసి పర్సులో పెట్టేస్తారు. ఆ సిమ్‌కి రోమింగ్ లేకపోతే ఓటీపీ రాదు, ఖాతాలో ఎంత ఉన్నా ఓటీపీ అడిగే ఆన్‌లైన్ చెల్లింపు జరగదు. బయల్దేరే ముందు రోమింగ్ వేయించుకోండి. కార్డుకి విదేశీ లావాదేవీల అనుమతి ఉందో లేదో, రోజువారీ పరిమితి ఎంతో బ్యాంకు యాప్‌లో చూసుకోండి.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయమన్న సలహా మాత్రం దయచేసి మర్చిపోండి. ఈ సలహా ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. కార్డుతో వస్తువు కొంటే బిల్లు గడువు దాకా వడ్డీ ఉండదు. నగదు తీస్తే ఆ వెసులుబాటు లేదు, నోట్లు చేతికొచ్చిన రోజు నుంచే వడ్డీ మొదలు. దానికి ముందే నగదు తీసినందుకు రుసుము, విదేశీ కరెన్సీ మార్కప్ (కరెన్సీ మార్చినందుకు మీ బ్యాంకు రేటు మీద కలిపే అదనం), పైగా ఆ ఏటీఎం పెట్టిన బ్యాంకు వేసే చార్జీ. మూడు చోట్ల కోత పడ్డాక వడ్డీ. నెలకు 3 శాతమే కదా అంటారు. నెలనెలా అసలులో కలిసిపోతే ఏడాదికి అది 42 శాతం దాటుతుంది. టూర్ నుంచి వచ్చాక బిల్లు చూసి గుండె ఝల్లుమని, కనీస మొత్తం కట్టి ఊరుకుంటే ఇంకా ఘోరం. పాత బాకీ ఉన్నంతకాలం చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది. ఇంటికొచ్చి సరుకులు కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. తొమ్మిది రోజుల సరదా ఖర్చు ఏడాది పొడవునా తడిసి మోపెడవుతుంది. ఇప్పటికే 12 వాయిదాల బరువు నెత్తిన ఉంది. దాని మీద ఇంకోటి ఎత్తుకోకండి.

ఇక బ్యాంకులో ఉన్న మూడు నెలల ఖర్చుల డబ్బు. అది టూర్ డబ్బు కాదు. అది మీ అత్యవసర నిధి, అదీ సగమే. ఒక్కరి జీతం మీద నలుగురు ఆధారపడిన ఇంట్లో ఆరు నెలల ఖర్చులు చేతికి అందేలా ఉండాలి. మీరేమో ఉన్న సగాన్ని ఖాళీ చేసి, అప్పుతో తిరిగొచ్చి, ఆ మరుసటి నెల జీతం మీదే భారమంతా వేద్దామనుకుంటున్నారు. టూర్‌లో ఏ ఆపదా రాకపోవచ్చు, రాకూడదనే కోరుకుంటాను. తిరిగొచ్చాక ఉద్యోగానికి ఇబ్బంది వస్తే? అమ్మగారికి ఇంటి దగ్గరే ఏదైనా అయితే? ఆపద మీ టూర్ క్యాలెండర్ చూసి రాదు. ఆ మూడు నెలల డబ్బు జోలికి వెళ్లకండి.

దానికి తోడు, ప్రయాణంలో చేతికి అందే ఒక చిన్న నిధి విడిగా కావాలి. ఎంత అంటారా? మూడు లెక్కలు వేయండి. ఇద్దరు ఉన్నపళంగా వెనక్కి రావలసి వస్తే అప్పటికప్పుడు కొనే విమాన టికెట్ల ధర. ప్రయాణం ఆగిపోతే నలుగురికీ మూడు నాలుగు రాత్రుల బస, భోజనం. ఆసుపత్రిలో చేరాలంటే ముందుగా అడిగే డిపాజిట్. ఈ మూడూ కలిపిన మొత్తం, మీరు కార్డు వాడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకు పొదుపు ఖాతాలో వేసి, దాని డెబిట్ కార్డు మీ భార్య దగ్గర ఉంచండి. మీ క్రెడిట్ కార్డు వీసా కంపెనీదైతే ఈ డెబిట్ కార్డు మాస్టర్‌కార్డ్‌ది అయితే మేలు, ఒకరి వ్యవస్థ ఆగినా రెండోది ఉంటుంది. రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టుకుంటే రెండో కార్డు ఉండీ లేనట్టే. పిన్ ఆవిడకీ తెలియాలి. మీరే మంచంలో ఉంటే డబ్బు తీయవలసింది ఆవిడే కదా. ఆ డెబిట్ కార్డుని హోటల్ డిపాజిట్‌కి మాత్రం ఇవ్వకండి. క్రెడిట్ కార్డు మీద బ్లాక్ అయ్యేది లిమిట్, డెబిట్ కార్డు మీద బ్లాక్ అయ్యేది ఖాతాలో మీ సొంత సొమ్ము.

ప్రయాణ బీమా తీసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి 30,000 యూరోల వైద్య కవరేజీ కనీస షరతు. వీసా అడగని దేశానికైనా అమ్మగారితో వెళ్తూ బీమా లేకుండా అడుగు బయటపెట్టకండి. ఆవిడకి బీపీ, షుగర్ లాంటివి ఉంటే దాచకుండా రాయండి, వాటికి పాలసీ ఎంతవరకు వర్తిస్తుందో అడగండి. అయితే బీమా ఉంది కదా అని నిధి మానేయకూడదు. ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యానికి చాలా సందర్భాల్లో ముందు మీరే కట్టి, రసీదులు పంపి, తర్వాత తెచ్చుకోవాలి. ఆ ముందు కట్టే డబ్బు ఎక్కడిది?

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న. ఎక్కువ భాగం కార్డు, కొంత నగదు. కార్డు పోతే యాప్‌లో ఆపేసి ఫిర్యాదు చేయవచ్చు. నోట్లు పోతే పోయినట్టే. నలుగురి తొమ్మిది రోజుల ఖర్చు ఒకే సంచిలో మోసుకుంటూ రోజంతా తిరగడం నాకు నచ్చదు. మీ బావమరిది చెప్పిన అదుపు సంగతి నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. దానికి రోజుకింత అని ముందే రాసుకుని, రాత్రి గదికి రాగానే యాప్‌లో ఆ రోజు లావాదేవీలు చూసుకోండి. మిగిల్చి తెచ్చుకున్న నోట్లకీ నష్టమే. కొన్నప్పుడు ఒక రేటు, అమ్మేటప్పుడు అంతకన్నా తక్కువ రేటు. నాణేలైతే మనీ ఛేంజర్లు సాధారణంగా ముట్టుకోరు.

అలాగని నగదు లేకుండా వెళ్లకండి. 2018 జూన్ 1న యూరప్‌లో వీసా కార్డుల చెల్లింపు వ్యవస్థ గంటల తరబడి మొరాయించింది. లక్షల లావాదేవీలు ఆగిపోయాయి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో కరెంటు పోయింది. చాలాచోట్ల స్వైపింగ్ మెషీన్లు, ఏటీఎంలు పనిచేయక, చేతిలో నోట్లున్నవాళ్లే నీళ్లూ తిండీ కొనుక్కోగలిగారు. అందుకే రెండు మూడు రోజుల భోజనానికీ, టాక్సీలకూ సరిపడా ఆ దేశపు నోట్లు, చిన్నవి, ఇద్దరి దగ్గరా విడివిడిగా పెట్టుకోండి. ఏ దేశమన్నది మీరు రాయలేదు. స్వీడన్‌లో చాలా దుకాణాలు నగదు తీసుకోవు. జపాన్‌లో, జర్మనీలో చిన్న చోట్ల ఇంకా నోట్లు అడుగుతారు. రష్యాలో 2022 మార్చి నుంచి, విదేశాల్లో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు చెల్లవు. కాబట్టి దేశాన్ని బట్టి పాళ్లు మార్చుకోండి. ముందే విదేశీ కరెన్సీ నింపుకుని వాడే ఫారెక్స్ ప్రీపెయిడ్ కార్డు కూడా మంచిదే, రేటు ముందే ఖాయమవుతుంది. కాకపోతే కారు అద్దెకిచ్చేవాళ్లు చాలాచోట్ల దాన్ని డిపాజిట్‌కి ఒప్పుకోరు. నోట్లని విమానాశ్రయం కౌంటర్‌లో మార్చకండి. ‘కమీషన్ లేదు’ అని బోర్డు ఉంటుంది, కమీషన్ రేటులోనే కలిసిపోయి ఉంటుంది.

కార్డు వాడేటప్పుడు ఒక్క చోట జాగ్రత్త. బిల్లు కట్టేటప్పుడు మెషీన్ తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ఆ దేశపు కరెన్సీలో, రెండోది మీ సొంత కరెన్సీలో. తెలిసిన కరెన్సీ కదా అని చెయ్యి రెండోదాని మీదకే పోతుంది. ఒత్తకండి. అందులో రేటు నిర్ణయించేది మీ బ్యాంకూ కాదు, వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలూ కాదు. ఆ మెషీన్ వెనకున్న సంస్థ తన లాభం కలుపుకుని వేసిన రేటది. ఏది కావాలో ఎంచుకునే హక్కు కార్డుదారుడిదేనని ఆ రెండు సంస్థల నిబంధనలే చెబుతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లోనైతే ఆ అదనం ఎంత శాతమో చూపించి తీరాలని 2020 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. దుకాణంవాళ్లు మీ తరఫున నొక్కేస్తే ఆ లావాదేవీ రద్దు చేసి మళ్లీ చేయమనండి. మొహమాటపడకండి. ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది, అక్కడా స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. ఎలాగూ మీ బ్యాంకు మార్కప్ పడుతుంది, చాలా కార్డుల్లో అది 2 నుంచి 3.5 శాతం. దాని మీద ఇంకో లాభం వాళ్లకి ఎందుకు ఇవ్వాలి?

మరి మూడు నెలల డబ్బు ముట్టుకోకుండా, అప్పు చేయకుండా వచ్చే నెలకి ఇదంతా ఎలా అంటారా? కుదరకపోవచ్చు. ఈ వారంలోనే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, ప్రయాణ తేదీని ఆరు నెలల తర్వాతకి జరపడానికి నలుగురికీ ఎంత పడుతుందో కనుక్కోండి. టికెట్ ధరలో తేడా కూడా కలిపి చెప్పమనండి. ఆ మొత్తాన్ని మీరు చేయబోయే అప్పు మీద ఏడాది వడ్డీతో పోల్చి చూడండి. జరపడం చవక అయితే జరపండి, ఈలోగా టూర్ ఖాతా ఒకటి తెరిచి నెలనెలా వేసుకోండి. జరపడం కుదరకపోతే తొమ్మిది రోజుల్ని ఐదు చేయండి, షాపింగ్ మొత్తం కొట్టేయండి, మిగిలినదాంతో ముందు ఆ చిన్న నిధి కట్టుకోండి. ఎయిర్‌లైన్ చెప్పిన అంకె, మీ నెల ఖర్చు, వాయిదా ఎంతో రాసి పంపితే మిగతా లెక్క నేను వేసి పెడతాను.