ఐర్లాండ్‌లో ఏ ఊరు? తెగిపోయిన కొమ్మల అన్వేషణపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి సిడ్నీలో స్థిరపడింది. అల్లుడు అక్కడే పుట్టి పెరిగినవాడు. మొన్న వేసవిలో మనవరాలు వంశవృక్షం గీస్తానని నా దగ్గర కూర్చుంది. మా వైపు ఏడు తరాల పేర్లు ఇంట్లోనే దొరికాయి. తండ్రి వైపు మాత్రం ఆరో తరంలో ఒక ఆడపిల్ల పేరు దగ్గర ఆగిపోయింది. కరువు కాలంలో, 1850లో, పదహారేళ్ల ప్రాయంలో ఐర్లాండ్‌లోని క్లేర్ కౌంటీ నుంచి ఓడలో ఒంటరిగా వచ్చిందనీ, చెల్లెలు అక్కడే ఉండిపోయిందనీ వాళ్లింట్లో చెప్పుకుంటారు. ఐర్లాండ్ రికార్డులన్నీ తగలబడిపోయాయని, ఇక వెతికి లాభం లేదని వియ్యపురాలు అంటున్నారు. అది నిజమేనా? ఆ చెల్లెలి సంతతి ఎక్కడైనా ఉంటే తెలుసుకునే దారి ఉందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ వియ్యపురాలు చెప్పినదాంట్లో సగం నిజం. 1922 జూన్ 30న, ఐర్లాండ్ అంతర్యుద్ధం మొదలైన తొలి రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడుకు, మంటలకు ఆహుతైంది. 1821 నుంచి 1851 వరకు పదేళ్లకొకసారి తీసిన జనాభా లెక్కల ఇంటింటి పత్రాల్లో అత్యధిక భాగం, శతాబ్దాల నాటి వీలునామాలు, ప్రొటెస్టెంట్లదైన చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ రిజిస్టర్లలో సగానికి పైగా ఆ రోజు పోయాయి. తరువాతి లెక్కలను మాత్రం మంటలు కాల్చలేదు. 1861, 1871 నాటి పత్రాలను ప్రభుత్వమే అంతకు ముందు ధ్వంసం చేయించింది. 1881, 1891 నాటివి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారాయి. అందుకే దేశమంతటికీ పూర్తిగా మిగిలిన మొదటి జనాభా లెక్క 1901 నాటిది, రెండవది 1911 నాటిది. ఈ రెండూ ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. మీ కుటుంబానికి అన్నిటికన్నా అవసరమైన కేథలిక్ చర్చి రిజిస్టర్లు పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) గురువుల దగ్గరే ఉండేవి కాబట్టి ఆ మంటల బారిన పడలేదు.

అయినా మీరు ఐర్లాండ్ నుంచి మొదలుపెట్టవద్దు. చాలామంది చేసే పొరపాటు అదే. అక్కడి రికార్డులన్నీ ఊరి పేరు ఆధారంగా అమర్చినవి. ఊరు తెలియకుండా క్లేర్ కౌంటీలో ఒక పేరు కోసం వెతికితే అదే పేరున్న ఆడపిల్లలు పదుల సంఖ్యలో కనబడతారు, వారిలో మీవారెవరో తేల్చే ఆధారం ఒక్కటీ ఉండదు. ఆ ఊరి పేరు దొరకగల చోటు సిడ్నీ.

పదహారేళ్ల పిల్ల, ఒంటరి ప్రయాణం, 1850, క్లేర్: ఈ నాలుగు వివరాలూ కలిపి చూస్తే ఆమె అనాథ బాలికల వలస పథకం కింద వచ్చి ఉండవచ్చని నాకు బలంగా అనిపిస్తోంది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మొదలైన మహా కరువు 1852 వరకు సాగింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించిన సంఖ్యలో దేశం విడిచారు. దిక్కులేని పేదలను ఉంచే వర్క్‌హౌస్‌లు కిక్కిరిసిపోయాయి. అప్పటి బ్రిటిష్ వలస రాజ్యాల మంత్రి ఎర్ల్ గ్రే పేరుతో పిలిచే పథకం కింద 1848 నుంచి 1850 వరకు ఆ వర్క్‌హౌస్‌ల నుంచి నాలుగు వేలకు పైగా ఆడపిల్లలను ఎంపిక చేసి సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్ రేవులకు పంపించారు. క్లేర్, గాల్వే, కెర్రీ కౌంటీల పిల్లలతో థామస్ అర్బత్‌నాట్ అనే నౌక 1850 ఫిబ్రవరిలో సిడ్నీ చేరింది. ఆ ఓడ వైద్యుడు చార్లెస్ స్ట్రట్ ప్రయాణం ముగియగానే తన పని అయిపోయిందనుకోలేదు. వందమందికి పైగా బాలికలను బండ్ల మీద యాస్, గండగాయ్ ప్రాంతాల దాకా తానే వెంట తీసుకువెళ్లి, మంచి ఇళ్లు చూసి పనుల్లో కుదిర్చాడు. ఆ రోజుల గురించి దినచర్య కూడా రాసుకున్నాడు. మీ అల్లుడి కుటుంబం యాస్ వైపు నుంచి వచ్చిందేమో అడిగి చూడండి.

సిడ్నీలో దిగిన వలసదారుల జాబితాల్లో పేరు, వయసు, మతం, చదువు మాత్రమే కాక పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, వారు బతికి ఉన్నారా, ఉంటే ఎక్కడ ఉన్నారు అనే వివరాలు కూడా రాసేవారు. "అనాథ" అన్న మాటను చూసి తొందరపడవద్దు. తండ్రి పోయి తల్లి వర్క్‌హౌస్‌లోనే ఉన్న పిల్లలు కూడా ఆ లెక్కలోకి వచ్చారు. సిడ్నీ హైడ్ పార్క్ బ్యారక్స్ దగ్గరి కరువు స్మారకానికి అనుబంధంగా ఈ బాలికలందరి వివరాల ఉచిత జాబితా ఇంటర్నెట్‌లో ఉంది. మీ మనవరాలు అక్కడే మొదలుపెట్టవచ్చు. ఆ తరువాత ఆమె మరణ ధ్రువపత్రాన్ని తెప్పించండి. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో 1856 మార్చి నుంచి మరణ నమోదు జరుగుతోంది. అందులో పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, ఆస్ట్రేలియాలో ఎన్నేళ్లు ఉన్నారు, పెళ్లి ఎక్కడ ఎవరితో జరిగింది, పిల్లలు ఎవరు అన్న వివరాలన్నీ అడిగేవారు. చెప్పినవారు కొడుకో అల్లుడో అయి ఉంటారు కాబట్టి ఊరి పేరు చెవిన పడినట్టు రాసి ఉండవచ్చు; దాన్ని పైకి చదివి, ఆ ధ్వనికి దగ్గరగా ఉన్న ఊరి కోసం చూడండి.

ఇక్కడ ఊరు అంటే టౌన్‌ల్యాండ్. మన రెవెన్యూ గ్రామం కింద ఉండే శివారు పల్లెలాగా, కొన్ని పొలాలూ నాలుగైదు ఇళ్లూ మాత్రమే ఉన్నవి కూడా ఆ పేరుతోనే ఉంటాయి. ఐర్లాండ్ మొత్తంలో ఇటువంటివి 60 వేలకు పైగా ఉన్నాయి, ఒకే పేరు పలు కౌంటీల్లో కనబడుతుంది. టౌన్‌ల్యాండ్లు కలిస్తే సివిల్ పారిష్. కానీ కేథలిక్ పారిష్ హద్దులు వేరు. జ్ఞానస్నాన రిజిస్టరు కావాలంటే కేథలిక్ పారిష్ తెలియాలి, భూమి రికార్డు కావాలంటే సివిల్ పారిష్ తెలియాలి. ఈ తేడా తెలియక తప్పు రిజిస్టరులో నెలల తరబడి వెతికినవారు ఎందరో ఉన్నారు.

పారిష్ తెలిశాక, ఐర్లాండ్ నేషనల్ లైబ్రరీ 2015 జూలైలో ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన కేథలిక్ రిజిస్టర్ల ఛాయాచిత్రాలు చూడండి. ఇవి సుమారు 1880 వరకు ఉన్నాయి. పల్లె పారిష్‌లలో చాలావాటికి రిజిస్టర్లు 1820, 1830 దశకాల్లో గానీ మొదలుకాలేదు కనుక, ఆమె 1834 ప్రాంతంలో పుట్టి ఉంటే నమోదు దొరకకపోయే అవకాశం కూడా ఉంది. అంతమాత్రాన ఆశ వదులుకోనక్కరలేదు. ఆమె పేరు లేకపోయినా చెల్లెలి పేరు ఉండవచ్చు. ఒక్క మనిషి కోసం కాకుండా ఆ మనిషి చుట్టూ ఉన్నవారందరి కోసం వెతకడమే ఐర్లాండ్ అన్వేషణలో అసలు పద్ధతి అని నా నమ్మకం. జ్ఞానస్నాన నమోదులో తల్లిని పుట్టింటి పేరుతోనే రాస్తారు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. వారు సాధారణంగా మేనమామలు, పిన్నులు, పక్కింటివారు. తల్లి, తండ్రి పేర్ల జంటను పట్టుకుని పదిహేనేళ్ల పుటలు తిరగేస్తే అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు వరుసగా బయటపడతారు. కొన్ని పుటలు లాటిన్‌లో ఉంటాయి: జేమ్స్ అక్కడ జాకోబస్, విలియమ్ గులియెల్మస్. బ్రిజెట్ అని జ్ఞానస్నానం పొందిన పిల్ల పెద్దయ్యాక బిడ్డీ లేదా డీలియా కావచ్చు. ఓబ్రయన్ వంటి ఇంటిపేర్ల ముందున్న "ఓ" ఒక తరంలో పోయి మరొక తరంలో తిరిగి వస్తుంది.

పేర్ల విషయంలో మనకు సుపరిచితమైన ఆచారం అక్కడా ఉంది. తొలి కొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండవవాడికి తల్లి తండ్రి పేరు, తొలి కూతురికి తల్లి తల్లి పేరు, రెండవ కూతురికి తండ్రి తల్లి పేరు పెట్టేవారు. మీ అల్లుడి పూర్వీకురాలు ఆస్ట్రేలియాలో తన పెద్ద కూతురికి ఏ పేరు పెట్టిందో చూడండి. అది క్లేర్‌లోని ఆమె తల్లి పేరు కావచ్చు. అందరూ పాటించలేదు కనుక దీన్ని రుజువుగా మాత్రం తీసుకోవద్దు.

ఇక చెల్లెలు. ఐర్లాండ్‌లో 1864 జనవరి 1 నుంచి జనన, మరణ, వివాహాలన్నిటికీ ప్రభుత్వ నమోదు ఉంది. కేథలికేతర వివాహాలకు 1845 నుంచే ఉంది. ఆ పాత పుటల ఛాయాచిత్రాలు ఐరిష్ జీనియాలజీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చెల్లెలి పెళ్లి 1864కు ముందే చర్చిలో జరిగి ఉన్నా, తరువాత పుట్టిన బిడ్డల నమోదులో ఆమె పుట్టింటి పేరు ఉంటుంది. ఆ బిడ్డలను 1901, 1911 జనాభా లెక్కల్లోకి అనుసరించి వెళ్లవచ్చు.

చెల్లెలు దీర్ఘాయుష్కురాలైతే మరొక అరుదైన ఆధారం ఉంది. 1909 జనవరి నుంచి 70 ఏళ్లు నిండిన పేదలకు ప్రభుత్వం వృద్ధాప్య పింఛను ఇవ్వడం మొదలుపెట్టింది. 1864కు ముందు పుట్టినవారికి జనన ధ్రువపత్రాలు లేవు. అందుకని అధికారులు 1841, 1851 జనాభా లెక్కల్లో ఆ కుటుంబాన్ని వెతికించి వయసు నిర్ధారించేవారు. దరఖాస్తుదారు తల్లిదండ్రుల పేర్లు, చిన్ననాటి టౌన్‌ల్యాండ్ పేరు చెప్పాలి. గుమాస్తా తనకు దొరికిన వివరాన్ని ఆ పత్రం మీద రాసేవాడు. మూలమైన లెక్కలు 1922లో కాలిపోయాయి, ఈ పత్రాలు మాత్రం మిగిలాయి. 1838 ప్రాంతంలో పుట్టి ఊళ్లోనే ఉండిపోయిన ఒక స్త్రీ తన తల్లి పేరును, తన ఇంటి చోటును డెబ్బై ఏళ్ల తరువాత చెప్పి రాయించిన కాగితం దొరకడమంటే మీ మనవరాలి వంశవృక్షానికి అంతకు మించిన ఆధారం ఉండదు. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఇవి ఉన్నాయి. పింఛను కోసం వయసు పెంచి చెప్పినవారు ఉన్నారు. 1901లో 55 ఏళ్లున్న మనిషికి 1911లో 70 ఏళ్లు కనబడితే కంగారుపడకండి.

తల్లి గాని అన్న గాని కొద్దిపాటి భూమిలో మిగిలి ఉంటే, 1847 నుంచి 1864 వరకు రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో జరిగిన ఆస్తుల మదింపు జాబితాలో వారి పేరు ఉండవచ్చు. ఇల్లు కూడా లేక ఇతరుల పంచన ఉన్నవారు అందులో ఉండరు. క్లేర్ కౌంటీ గ్రంథాలయం స్థానిక రికార్డులను శ్రద్ధగా ఎక్కించి ఉచితంగా అందిస్తున్నది, తప్పక చూడండి.

చెల్లెలు తరువాత అమెరికా వెళ్లి ఉండే అవకాశమూ తక్కువేమీ కాదు. బోస్టన్‌లోని పైలట్ అనే కేథలిక్ పత్రిక 1831 నుంచి 1921 వరకు తప్పిపోయిన బంధువుల కోసం ప్రకటనలు వేసింది. ఫలానా టౌన్‌ల్యాండ్, ఫలానా పారిష్ నుంచి ఫలానా ఏట బయలుదేరిన నా అన్న ఎక్కడున్నాడో తెలిసినవారు చెప్పండి అని అందులో అక్కలు, తల్లులు, భార్యలు రాయించుకున్నారు. అవి ఇప్పుడు పేరుతో వెతికే వీలున్న జాబితాగా ఉన్నాయి. ఆస్ట్రేలియా వార్తాపత్రికల్లోనూ ఇటువంటివి పడ్డాయి. ఆ దేశ జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో ఉచితంగా వెతకవచ్చు. మీకు తెలియని ఊరి పేరును ఆమే స్వయంగా ఒక ప్రకటనలో రాయించి ఉండవచ్చు.

ప్రశ్న: మా ముత్తాత తాత ఐర్లాండ్ నుంచి సైనికుడిగా మద్రాసుకు వచ్చి, సికింద్రాబాద్ కంటోన్మెంటులో పనిచేసి ఇక్కడే కన్నుమూశారని మా ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో చెప్పుకుంటారు. ఐర్లాండ్‌లో ఆయన ఊరు తెలుసుకోవడం ఎలా?
— ఒక పాఠకుడు, లాలాగూడ

సమాధానం: ముందుగా ఆయన ఎవరి జీతం తీసుకున్నారో తేల్చుకోవాలి. ఈస్టిండియా కంపెనీ సైనికుడైతే వివరాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉంటాయి. కంపెనీ తన యూరోపియన్ సైనికుల జాబితాల్లో పుట్టిన చోటు రాయించేది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు కూడా లండన్‌కు వెళ్లేవి. బ్రిటన్ రాణిగారి సైన్యంలో ఉండి పింఛనుతో విడుదలైతే లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆయన విడుదల పత్రం ఉండవచ్చు, అందులో పుట్టిన పారిష్, కౌంటీ రాసి ఉంటాయి. ఇక్కడే మరణించారంటున్నారు కనుక పింఛను తీసుకున్నాక స్థిరపడ్డారా, సేవలో ఉండగానే పోయారా అన్నది ముఖ్యం. సేవలో ఉండగా పోయినవారికి ఆ విడుదల పత్రం ఉండదు.

కంపెనీ వారి మద్రాసు ఫ్యుజిలియర్స్ దళం 1881 నుంచి రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్‌లో మొదటి బెటాలియన్ అయింది, 1922లో రద్దయింది. మీ ఇంట్లో పాత పతకమో, బొత్తామో ఉంటే దళం పేరు అక్కడే దొరకవచ్చు. ఊళ్లో పాత చర్చి రిజిస్టర్లను కూడా మరవకండి. హైదరాబాద్ కేథలిక్ మిషన్ తొలి అధిపతి డేనియల్ మర్ఫీ స్వయంగా కార్క్ కౌంటీ మనిషి; తరువాత టాస్మానియాలోని హోబర్ట్‌కు వెళ్లి అక్కడ ఆర్చ్‌బిషప్ అయ్యారు. ఐరిష్ గురువులు రాసిన పెళ్లి నమోదుల్లో సాక్షుల పేర్లు చూడండి. ఒకే ఊరి నుంచి కలిసి సైన్యంలో చేరిన మిత్రులు వాటిలో ఉండవచ్చు. తిరుమలగిరి శ్మశానవాటికలోని సమాధి ఫలకాలపై దళం పేరు, కొన్నిటిపై కౌంటీ పేరు కూడా చెక్కి ఉంటాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల కోసం పనిచేసే ఫిబిస్ అనే సంస్థ తన సూచికలను ఉచితంగా వెతకనిస్తుంది.

ప్రశ్న: డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఈ శ్రమంతా తప్పుతుందా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: తప్పదు, కానీ దారి చూపిస్తుంది. ముత్తాత ముత్తవ్వల తల్లిదండ్రులు ఒకరైన మూడో తరం దాయాదుల్లో పదిమందిలో తొమ్మిది మందికి డీఎన్ఏ కలుస్తుంది. ఇంకొక తరం దూరమైతే సగం మందికే కలుస్తుంది. అందుకని ఇంట్లో అందరికన్నా పెద్దవారితో ముందు పరీక్ష చేయించాలి. ఇన్ని శాతం ఐరిష్ అని చెప్పే లెక్కకు వంశవృక్షంలో విలువ లేదు. సరిపోలిన మనుషుల జాబితాకే విలువ. చిన్న పారిష్‌లలో తరతరాలుగా వారిలో వారికే పెళ్లిళ్లు జరిగినందువల్ల బంధుత్వం ఉన్నదానికన్నా దగ్గరగా కనబడుతుంది, దాన్ని జ్ఞానస్నాన రిజిస్టరుతో సరిచూడాలి. ఇంట్లో ఎవరూ చెప్పని సంతానం బయటపడవచ్చు కనుక, పరీక్షకు ఉమ్మి సీసా ఇచ్చే పెద్దవారికి ఆ సంగతి ముందే వివరించి, వారు ఒప్పుకుంటేనే పంపండి.